ఫిలడెల్ఫియా సీమలో డీజిలుబండ్ల అవసానము

రాజ్యముల చరిత్రము వ్రాయువారు యుద్ధములకును సంధులకును తేదీలు చెప్పుదురు. ఒక చిన్న ఊరికి కడపటి రైలుబండి యేనాడు వచ్చిపోయినదో చెప్పువారు అరుదు. అయినను ఆ ఊరి జనుల బ్రతుకులో ఆ దినము చిన్నది కాదు. ఉదయమున నగరమునకు పనికిపోయి సాయంకాలమునకు ఇల్లు చేరుచుండిన మనుష్యుడు ఆనాటినుండి వేఱొక దారి వెదకుకొనవలెను. లేదా పని మానవలెను. లేదా ఊరు విడువవలెను. అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఫిలడెల్ఫియా నగరము చుట్టును గల కొన్ని ఊళ్ళకు ఇట్టి దినము 1981వ సంవత్సరమునకును 1983వ సంవత్సరమునకును నడుమ వచ్చినది. నగరమునుండి పాట్స్‌విల్, బెత్లెహేము, న్యూటౌన్ అను మూడు ఊళ్ళకు పోవుచుండిన డీజిలుబండ్లు ఆ కాలమున ఒకటి తరువాత ఒకటిగా నిలిచిపోయెను. పొరుగురాష్ట్రమగు న్యూజెర్సీలోని న్యూఆర్కునకు పోవు నాలుగవ మార్గము కూడ ఆ కాలముననే ఆగినది గాని, అది రెండు రాష్ట్రముల నడుమనుండు వ్యవహారమగుటచే దాని విచారణ వేఱు.

నలువది యేండ్లు గడచినను ఆ బండ్లను తలచుకొనువారు ఆ సీమలో నేటికిని కలరు. వానిని ఆపినది యేమి యని వారి నడిగినచో సమాధానములు పలువిధముల వచ్చును. నగరము క్రింద త్రవ్విన సొరంగమని కొందఱు, ధనాభావమని కొందఱు, మోటారుకార్లును పెద్దరోడ్లును అని మఱికొందఱు చెప్పుదురు. ఈ మూటిలోను సత్యాంశము కలదు. కాని మూడు మార్గముల చరిత్రమును పక్కపక్కన నుంచి చూచినచో వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా నిలువజాలదు.

బొగ్గుదారి

ఫిలడెల్ఫియాకు వాయవ్యమున స్కూల్‌కిల్ నది పుట్టు కొండసీమలో ఆంత్రసైటు అను గట్టి రాక్షసిబొగ్గు దొరకును. ఆ బొగ్గును నగరమునకును అందలి ఓడరేవునకును దింపుటకై 1833లో ఫిలడెల్ఫియా–రెడింగ్ రైల్వే కంపెనీ స్థాపింపబడెను. 1842 నాటికి నగరము మొదలు నదీలోయ వెంబడి రెడింగ్ పట్టణము మీదుగా పాట్స్‌విల్ వఱకు దారి పూర్తియయ్యెను. నగరమునకు రెడింగ్ సుమారు 58 మైళ్ళు. పాట్స్‌విల్ 90 మైళ్ళకు పైగా నుండును. నిండు బొగ్గుబండ్లు పల్లమునకు దిగివచ్చునట్లును, ఖాళీబండ్లు మాత్రమే ఎగువకు పోవునట్లును ఆ దారి వాటము కుదిరెను. ఈ దారిలో బొగ్గు మొదటి ప్రయాణికుడు; మనుష్యుడు రెండవవాడు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. ఏలయన, తరువాతి కాలమున బొగ్గు తఱిగినపుడు మనుష్యులనుండి వచ్చు టిక్కెట్టు సొమ్ము ఒక్కటే ఆ దారిని మోయలేకపోయెను.

రెండవది బెత్లెహేము మార్గము. మొరేవియను క్రైస్తవులు 1741లో కట్టుకొని, క్రీస్తు పుట్టిన ఊరి పేరు పెట్టుకొన్న పట్టణమది. తరువాత ఉక్కు కార్ఖానాలకు ప్రసిద్ధి కెక్కినది. ఫిలడెల్ఫియానుండి ఉత్తరముగా ఆ పట్టణమునకు నార్త్ పెన్సిల్వేనియా కంపెనీవారు వేసిన దారి 1857లో పూర్తియయ్యెను. అది యింకను పూర్తికాకమునుపే, 1856 జూలై 17వ తేదీన, వనభోజనమునకు పోవుచున్న బడిపిల్లల బండి యొకటి ఎదురుగా వచ్చిన మఱొక బండిని ఢీకొని దాదాపు 60 మంది మరణించిరి. రెడింగ్ కంపెనీవారు 1879లో ఈ దారిని కౌలునకు తీసికొనిరి.

మూడవది న్యూటౌన్ మార్గము. ఇది 1878లో న్యూటౌన్ చేరినది. దీనిని వేసిన కంపెనీ పేరులో ఫిలడెల్ఫియా, న్యూటౌన్, న్యూయార్కు అను మూడు ఊళ్ళును గలవు గాని దారి మాత్రము న్యూటౌన్ దాటి పోలేదు. దాదాపు 26 మైళ్ళ ఈ చిన్నదారి పొలముల నడుమను, వాగుల వెంబడిని, రాతికొండ చీల్చిన సందులలోను సాగును. 1921 డిసెంబరు 5వ తేదీన బ్రిన్ ఏథిన్ అను ఊరి కడ అట్టి యొక సందులో రెండు బండ్లు ఎదురెదురుగా తాకెను. పెట్టెలు కఱ్ఱవగుటచే అంటుకొనిన మంటలలో ఇరువదియైదుగురికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఒంటిదారి మీద నడుచు చిన్నబండికి గల ప్రమాదమును ఈ యుదంతము చాటినది.

ఈ మూడు మార్గములును నగరమున ఒక్కచోట కలిసికొనుచుండెను. అది 1893 జనవరిలో మార్కెట్టువీధి యందు తెఱవబడిన రెడింగ్ టెర్మినల్ అను పెద్దస్టేషను. పట్టాలు వీధికి పైయెత్తున నుండును. వాని మీద నడుమ స్తంభము లేని యొకే కమాను కప్పు. ఆ స్థలమున పూర్వమునుండి గల సంతను తొలగించుటకు వర్తకులు సమ్మతింపనందున స్టేషను క్రింది అంతస్తున వారికి చోటు కల్పింపబడెను. పైన బండి దిగినవారు క్రింద కూరగాయలు కొనుక్కొని ఇంటికి పోవుట అచటి యాచారమయ్యెను. స్టేషను తెఱచిన మఱుసటి నెలలోనే కంపెనీ దివాలెత్తెను. అది కోలుకొనుటయు మరల పడుటయు తరువాత కూడ జరిగినవి.

తీగ ఆగిన చోటు

రైలుమార్గమునకు పైన విద్యుత్తు తీగ కట్టి పొగలేని బండ్లను నడుపుట ఫిలడెల్ఫియాలో 1915లో ఆరంభమైనది. అది రెడింగ్ కంపెనీకి ప్రత్యర్థియగు పెన్సిల్వేనియా రైల్వేవారి పని. రెడింగ్‌వారు 1931లో తమ శాఖలలో ఆ మార్పునకు పూనిరి. ఆ సంవత్సరమున లాన్స్‌డేల్, డాయిల్స్‌టౌన్, హాట్‌బరో, వెస్ట్ ట్రెంటన్ దిక్కులకును, 1933లో చెస్ట్‌నట్ హిల్, నారిస్‌టౌన్‌లకును విద్యుద్బండ్లు పోవసాగెను. ఇంతలో దేశమెల్లను ఆర్థికమాంద్యమున మునిగియుండెను. పని అంతటితో ఆగినది.

తీగ యెచట ఆగినదో చూడవలెను. పాట్స్‌విల్ దారిలో అది నారిస్‌టౌన్ కడ నిలిచినది. ఫీనిక్స్‌విల్, పాట్స్‌టౌన్, రెడింగ్ మొదలగునవన్నియు దానికి ఆవల నుండిపోయెను. బెత్లెహేము దారిలో లాన్స్‌డేల్ కడ తీగ ప్రక్కకు తిరిగి డాయిల్స్‌టౌన్ పోయినది. సౌడర్టన్, సెల్లర్స్‌విల్, పెర్కసీ, క్వేకర్‌టౌన్ పట్టణములకు అందలేదు. న్యూటౌన్ దారికి ఆనాడు తీగయే లేదు. 1966లో నగరపాలకులు తమ సొమ్ముతో ఫాక్స్‌చేస్ వఱకు కట్టించిరి. ఫాక్స్‌చేస్ నగరపు పొలిమేర. సొమ్ము నగరముది గనుక తీగయు పొలిమేర కడనే ఆగినది.

అది మొదలు ఈ మూడు దారులు ఒక్కొక్కటి రెండు తునకలయ్యెను. తీగ క్రింది ఊళ్ళు ఒక జాతి, తీగకు ఆవలి ఊళ్ళు మఱొక జాతి. ఆనాడు దీని నెవరును విభాగమని తలపలేదు. మాంద్యము తీరినపిమ్మట మిగిలిన పని సాగునని యనుకొనుట సహజము. అది సాగలేదు. ఆ లోటును పూడ్చుటకు మఱొక సాధనము దొరకినది.

బడ్ కంపెనీ బండి

ఆ సాధనము ఫిలడెల్ఫియాలోనే పుట్టినది. ఎడ్వర్డ్ బడ్ అను నాతడు 1912లో ఆ నగరమున మోటారుకార్లకు ఉక్కుతొడుగులు చేయు కార్ఖానా స్థాపించెను. తుప్పుపట్టని ఉక్కురేకులను వాని గుణము చెడకుండ విద్యుత్తుతో అతుకు విద్యను ఆ కార్ఖానావారు సాధించి, 1934లో జెఫిర్ అను పేరుతో వెండివలె మెఱయు డీజిలుబండిని నిర్మించిరి. అది ఆ యేడు మే 26న డెన్వరునుండి చికాగోకు 13 గంటల 5 నిమిషములలో పరుగెత్తి దేశమును ఆశ్చర్యపఱచెను. బడ్ 1946లో మరణించెను. మూడేండ్లకు, 1949లో, ఆతని కంపెనీ చిన్నదారులకై ఒక క్రొత్తబండిని బయటపెట్టినది.

ఈ బండికి వేఱుగా ఇంజను లేదు. 85 అడుగుల పొడవుగల ఒక్క పెట్టె. అందులో 90 మంది కూర్చుండుటకు చోటు. ఒక్కొక్కటి 275 అశ్వశక్తిగల రెండు డీజిలు యంత్రములు పెట్టె అడుగున దాగియుండును. గేర్లకు మాఱుగా నూనె యొత్తిడితో చక్రములకు బలమందించు ఏర్పాటు గలదు. యంత్రములను చల్లార్చు గొట్టములు కప్పు నడుమ గూనివలె పైకి లేచియుండును. రెండు కొనలను డ్రైవరు గదులుండుటచే బండిని త్రిప్పవలసిన పనిలేదు. చివరి స్టేషనులో డ్రైవరు ఈకొననుండి ఆకొనకు నడచిన చాలును. జనము హెచ్చినపుడు రెండు మూడు పెట్టెలను తగిలించి ఒక్కడే నడుపవచ్చును. జనము తగ్గినపుడు ఒంటిపెట్టె చాలును. అడుగడుగునకు నిలుచుచు పోవు దారిలో త్వరగా వేగ మందుకొనుటయు త్వరగా ఆగుటయు దీని సుగుణములు. తుప్పుపట్టని ఉక్కగుటచే రంగు పూయుట యను ఖర్చును లేదు.

1949 మొదలు 1962 వఱకు ఇట్టి బండ్లు దాదాపు 400 తయారయ్యెను. అమెరికా, కెనడాలలోనే గాక మఱికొన్ని దేశములందును అవి తిరిగెను. రెడింగ్ కంపెనీవారు 1962లో, అనగా తయారీ ముగియుచున్న సంవత్సరమున, వానిని కొని తీగకు ఆవలి దారులలో నడపిరి. జనము మిక్కిలిగా నుండు వేళలలో కొన్ని బండ్లను డీజిలు ఇంజనులు లాగుచుండెను. ఏది యెట్లున్నను పాట్స్‌విల్‌లో గాని బెత్లెహేములో గాని ఎక్కిన మనుష్యుడు మార్గమధ్యమున దిగక తిన్నగా నగరమధ్యమున రెడింగ్ టెర్మినల్‌లో దిగుచుండెను. తీగ యున్నదో లేదో ఆతనికి తెలియనే తెలియదు. తీగ క్రింద కూడ డీజిలు నడచును. తీగ దాటిన తరువాతను నడచును. తునకలైన దారి ఆ బండి నడచినంతకాలము ఒక్కటిగానే యుండెను.

నేటివారు తలచుకొను గుర్తులన్నియు ఇచ్చటివే. కాళ్ళక్రింద యంత్రము గుర్రుమను చప్పుడు, స్టేషనులో నిలిచినపుడు సన్నగా అదరు కిటికీ అద్దము, మంచుకాలమున తలుపు తెఱవగానే లోపలికి వచ్చు నూనెవాసన, గట్లుగట్లుగా ముడుచుకొన్న ఉక్కుగోడ మీద సంధ్య వెలుగు. ఇవి యంత్రమునకు సంబంధించిన జ్ఞాపకములవలె కనబడును. కాని ఆ యంత్రమే మఱొకచోట సరకు లాగుచున్నపుడు వీరి మనసు కరగదు. తమ ఊరినుండి బయలుదేఱి నగరముదాక తెగని దారిని ఇచ్చిన యంత్రము గనుక దానిమీద మక్కువ.

ఖర్చు ఎవరిది?

యుద్ధానంతరమున జనులు కార్లు కొనిరి. 1956 నాటి శాసనముతో దేశమంతటను ప్రభుత్వధనముతో మహారహదారులు వేయబడెను. స్కూల్‌కిల్ నది ప్రక్కను కూడ ఒకటి నగరములోనికి వచ్చెను. ఇండ్లలో రాక్షసిబొగ్గు కాల్చుట మానిరి గనుక రెడింగ్ కంపెనీ మూలధనమువంటి బొగ్గురాబడి కరగిపోయెను. దినదినము పనికి పోయివచ్చువారి బండ్లు ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు నిండి, తక్కిన కాలమున ఊరకయుండును. అట్టి వ్యాపారమున లాభము లేదు. ఫిలడెల్ఫియా నగరపాలకులు దీనిని ముందుగనే గ్రహించి, 1958లో తమ పొలిమేరలోని బండ్లకు సహాయధనమిచ్చి టిక్కెట్టు ధర తగ్గింపజేసిరి. అది సత్ఫలమిచ్చినందున 1964లో సెప్టా యను ప్రాంతీయ రవాణాసంస్థ ఏర్పడెను.

సెప్టా అధికారము అయిదు కౌంటీలకు పరిమితము. కౌంటీ యనగా మన జిల్లావంటి విభాగము. ఫిలడెల్ఫియా, బక్స్, మాంట్‌గొమరీ, చెస్టర్, డెలవేర్ అనునవి యా యైదు. రెడింగ్, పాట్స్‌విల్, బెత్లెహేము పట్టణములు వీనికి వెలుపలివి. ప్రత్యర్థియగు పెన్సిల్వేనియా రైల్వే పెన్ సెంట్రల్ అను క్రొత్తపేరుతో 1970లో దివాలెత్తెను. రెడింగ్ కంపెనీ 1971లో దివాలెత్తెను. 1976 ఏప్రిల్ 1న రెంటి దారులును కాన్‌రైల్ అను కేంద్రప్రభుత్వపు సంస్థ చేతికి పోయెను. కాన్‌రైల్ బండ్లను నడుపుచుండగా ఆ ఖర్చును సెప్టా భరింపవలసి వచ్చెను. 1973లోను 1979లోను నూనె ధర మిన్నంటినపుడు డీజిలుబండ్ల ఖర్చు మఱింత పెరిగెను. 1981 ఆగస్టులో వచ్చిన శాసనము, 1983 జనవరి 1వ తేదీ మొదలు కాన్‌రైల్‌కు ఈ బండ్లతో పనిలేదని చెప్పినది. పాతబడిన పెట్టెలు, అతుకుల దారులు, పొలిమేరలు దాటు ఊళ్ళు సెప్టా వాకిట నిలిచెను.

సొరంగము

ఇదే కాలమున నగరము క్రింద గొప్ప కట్టడమొకటి లేచుచుండెను. రెడింగ్ టెర్మినల్‌కును, పెన్సిల్వేనియా రైల్వేవారు 1930లో కట్టిన సబర్బన్ స్టేషనుకును నడుమ దూరము కాలినడకను పది నిమిషములు. అయినను రెండు కంపెనీల దారులును ఎన్నడును కలియలేదు. వానిని భూగర్భమున కలిపినచో ఒక దిక్కునుండి వచ్చిన బండి తిరిగి వెనుకకు పోక నగరము గుండ మఱొక దిక్కునకు సాగును. నగరనిర్మాణశాఖలోని డేమన్ చైల్డ్స్ 1950 తరువాతి దశాబ్దిలో చేసిన ఈ యాలోచన 1978లో పనిగా ఆరంభమై, 1984 నవంబరు 12న ముగిసెను. నాలుగు పట్టాల ఆ మార్గము నిడివి సుమారు 1.7 మైళ్ళు, ఖర్చు దాదాపు 33 కోట్ల డాలర్లు. నవంబరు 6న రెడింగ్ టెర్మినల్‌నుండి కడపటి బండి బయలుదేఱెను. ఇట్లు రెండు పరస్పరశత్రువుల దారులు ఒక్కటైన నగరములు అమెరికాలో అరుదు.

కాని సొరంగమున పొగకు చోటులేదు. విద్యుద్బండ్లు మాత్రమే అందులో పోగలవు. తీగ క్రింద పుట్టని బండికి నగరద్వారము మూయబడెను.

మూడు అవసానములు

పాట్స్‌విల్ బండియు బెత్లెహేము బండియు 1981 జూలైలో నిలిచెను. సొరంగము తెఱచినది 1984 నవంబరులో. అనగా సొరంగమునకు మూడేండ్లు ముందే బండ్లు ఆగినవి. రెడింగ్ టెర్మినల్ ఆ మూడేండ్లును తెఱచియేయుండెను. డీజిలుబండి వచ్చి నిలుచుటకు అడ్డేమియు లేదు. కావున సొరంగమే కారణమనుట చెల్లదు. రాబోవు సొరంగము పాత డీజిలుబండ్లపై మరల సొమ్ము పెట్టుటకు మనసు లేకుండ చేసినదనుట మాత్రము న్యాయముగా తోచును.

పొలిమేరయే కారణమందమా? పాట్స్‌విల్, రెడింగ్, బెత్లెహేములు అయిదు కౌంటీలకు వెలుపలివనుట నిజమే. కాని పాట్స్‌టౌన్ మాంట్‌గొమరీ కౌంటీలోనిది. ఫీనిక్స్‌విల్ చెస్టర్ కౌంటీలోనిది. క్వేకర్‌టౌన్, పెర్కసీ, సెల్లర్స్‌విల్‌లు బక్స్ కౌంటీలోనివి. ఇవియన్నియు సెప్టా హద్దులోనే యుండియు బండిని పోగొట్టుకొనెను. న్యూటౌన్ దారియైతే మొదలునుండి తుదివఱకు హద్దులోనిదే. కావున పొలిమేర కొంత కారణమే గాని పూర్తి కారణము కాదు.

మోటారుకార్లు కారణమందమా? డాయిల్స్‌టౌన్ పౌరునకు క్వేకర్‌టౌన్ పౌరునికంటె తక్కువ కార్లు లేవు. రోడ్లు అధ్వాన్నముగా లేవు. డాయిల్స్‌టౌన్‌కు 1931లో తీగ వచ్చినది. అచటికి నేటికిని బండి పోవుచున్నది. లాన్స్‌డేల్ కడ రెండు దారులు చీలును. తీగ పోయిన వైపు బండి యున్నది. తీగ పోని వైపు లేదు. ఒకే ప్రాంతము, ఒకే కంపెనీ వేసిన యేర్పాటు, ఒకే కాలము. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము చరిత్రలో తఱచుగా దొరకదు.

న్యూటౌన్ దారి మఱొక పాఠము చెప్పుచున్నది. 1981 అక్టోబరులో సెప్టావారు ఆ డీజిలుబండిని నగరమునకు రానీయక ఫాక్స్‌చేస్ కడనే ఆపి, అచట విద్యుద్బండి మాఱి యెక్కునట్లు ఏర్పాటు చేసిరి. నడుపుటకు రైల్వే కార్మికులను గాక తమ నగరవిభాగపు పనివారిని నియమించిరి. దానిపై కార్మికసంఘములతో తగవు వచ్చెను. 1982 జనవరి 2న సౌతాంప్టన్ కడ రోడ్డు దాటుచోట ఆ బండి పెట్రోలు లారీని ఢీకొనెను. దారి తెగి, మాఱి యెక్కవలసి వచ్చి, నమ్మకము సడలినపుడు ప్రయాణికులు తగ్గిరి. ప్రయాణికులు తగ్గిరని 1983 జనవరిలో బండి ఆపబడెను. బండి నిలుచుటకు ముందే దాని గుణము, అనగా తీగ లేని ఊరిని నగరమునకు తెగకుండ కలుపుట, తొలగింపబడినదని గమనింపవలెను.

ఈ సిద్ధాంతమునకు ఎదురు సాక్ష్యమొకటి కలదు; దానిని దాచుట తగదు. పెన్సిల్వేనియా రైల్వేవారి వెస్ట్ చెస్టర్ దారికి తీగ యుండెను. అయినను 1986లో ఎల్విన్ కు ఆవల అచటి బండ్లు ఆగెను. కావున తీగ యున్నంతమాత్రమున రక్ష కలుగదు. దారిని బాగుచేయని పాలకుల చేతిలో తీగయు తుప్పుపట్టును. కాని ఆ దారిలో కొంతభాగము, ఎల్విన్‌నుండి వావా వఱకు, 2022 ఆగస్టులో మరల తెఱవబడెను. తీగ లేని మూడు దారులలో ఏ యొక్కటియు ఇట్లు తిరిగి రాలేదు.

ఇట్లు చూడగా 1981లో కనబడిన ఫలమునకు బీజము 1933లో పడినది. మాంద్యమున ఆగిన తీగ ఆగినచోటనే యుండిపోయెను. బడ్ కంపెనీ బండి మిక్కిలి చక్కగా పనిచేసి ఆ లోటును ఇరువది యేండ్లు మఱపించెను. కావుననే లోటును పూరింపవలెనను తొందర ఎవరికిని కలుగలేదు. బండి మంచితనమే దారికి శాపమైనది. బండి ముసలిదైనపుడు లోటు మరల బయటపడెను. అప్పటికి తీగ కట్టుటకు కంపెనీ లేదు, కౌంటీలకు పూనిక లేదు.

మిగిలినవి

పాట్స్‌విల్ దారి నశింపలేదు. నారిస్‌టౌన్‌నుండి రెడింగ్ వఱకు దాని మీద నేటికిని సరకుబండ్లు నడచుచున్నవి. మనుష్యుల బండి మాత్రము లేదు. మొదట బొగ్గుకై వేసిన దారి తుదకు సరకునకే మిగిలినది. న్యూటౌన్ దారిలో మాంట్‌గొమరీ కౌంటీ భాగమున పట్టాలు తీసివేసి నడకదారి చేసిరి. బెత్లెహేము దారిలో హెల్లర్‌టౌన్ ప్రాంతమున 2011లో అట్టిదే యొక నడకదారి తెఱచిరి. వాని మీద జనులు ఉదయమున నడచుచున్నారు, సైకిళ్ళు త్రొక్కుచున్నారు. అది మంచిపనియే, కాని ఒకసారి పట్టా తీసిన నేలకు మరల పట్టా వేయుట ఎంత కష్టమో ఆ ఊళ్ళవా రెఱుగుదురు.

రెడింగ్ టెర్మినల్ కప్పు 1993లో తెఱచిన సభాభవనమున కలిసిపోయెను. క్రింది సంత నేటికిని నిండుగా సాగుచున్నది. రైలు లేకున్నను దాని పేరు రెడింగ్ టెర్మినల్ సంతయే. 1935లో అచ్చువేయ మొదలిడిన మోనాపలీ అను పాచికలాటలో రెడింగ్ రైల్వే ఒక గడి. 1976 తరువాత రైళ్ళు నడుపని కంపెనీని ఎన్నడును చూడని పిల్లలు ఇప్పటికిని ఆ గడిని కొనుచున్నారు.

డీజిలుపెట్టెలకును పూర్తిగా కాలము చెల్లలేదు. రెడింగ్ అండ్ నార్తర్న్ అను ప్రైవేటు రైల్వేవారు 2022లో రెడింగ్‌నుండి కొండలలోని జిమ్ థార్ప్ పట్టణమునకు విహారయాత్రలు ఆరంభించి, బడ్ కంపెనీ పాతపెట్టెలను వాడుచున్నారు. సెలవుదినమున కుటుంబములు వచ్చి ఎక్కుదురు. ఆ గుర్రుమను చప్పుడు విని పెద్దలు సంతోషింతురు. అది వేడుక. సోమవారము ఉదయమున పనికి పోవు బండి కాదది. పోయినది సోమవారపు బండి.

ఆ సోమవారపు బండికై ఇప్పుడొక ప్రయత్నము జరుగుచున్నది. 2022లో బెర్క్స్, చెస్టర్, మాంట్‌గొమరీ అను మూడు కౌంటీలు కలిసి స్కూల్‌కిల్ నదీ ప్రయాణికరైలు సంఘమును స్థాపించెను. రెడింగ్ పట్టణము బెర్క్స్ కౌంటీలోనిది. 1981లో హద్దు వెలుపల నుండిన కౌంటీయే యిప్పుడు ముందు నిలిచి సొమ్ము పెట్టుటకు సిద్ధపడినది. కేంద్రప్రభుత్వము 2023 డిసెంబరులో ఈ మార్గమును తన ప్రణాళికలో చేర్చుకొని, ప్రాథమిక పరిశీలనకు 5 లక్షల డాలర్లు కేటాయించెను. ఇది పట్టా కాదు, బండి కాదు. లెక్క వేయుటకు ఇచ్చిన సొమ్ము. మఱొకవైపు 2025లో సెప్టావారే సొమ్ము చాలదని తీగ గల అయిదు మార్గములను మూయు ప్రతిపాదన ప్రకటించిరి. రాష్ట్రప్రభుత్వపు టేర్పాటుతో ఆ యాపద తాత్కాలికముగా తొలగెను. నలువది యేండ్లకు పూర్వము క్వేకర్‌టౌన్‌వారు అడిగిన ప్రశ్నను ఆనాడు నగరపు అంచునగల ఊళ్ళవారు అడుగవలసి వచ్చెను. ఖర్చు ఎవరిది, బండి ఎవరిది అనునదే యా ప్రశ్న.

ఆ సీమలో ముసలివారు డీజిలుబండిని తలచుకొనుటలో పాతవస్తువుమీది మోజు కొంత యుండవచ్చును. కాని ఆ జ్ఞాపకము ఒక లెక్కను కూడ భద్రపఱచినది. ఇన్ని ఊళ్ళు, ఇన్ని మైళ్ళు, ఉదయమున ఇన్ని గంటలకు బండి, సాయంకాలమున ఇన్ని గంటలకు తిరుగుబండి యని వారు నోటితో చెప్పగలరు. స్కూల్‌కిల్ లోయలో మరల ప్రయాణికుల బండి నడుపదలచువారికి ఆ పాత సమయపట్టికయే మొదటి ఆధారము.